కొయ్యతో చెప్పిన మాటలు

పుష్య బహుళ విదియ

పైడమ్మ వదినకి కాసులు రాసేది. ముందుగా నా రాతకి మన్నించు. బడి తెప్ప తాడు తెంపుకుని కొట్టుకుపోయేదాకానే నేను చదువుకున్నాను. ఆ తర్వాత అక్షరంతో పని పడలేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ అనుమానమే. పడవ ఊగినప్పుడల్లా వరసలు పక్కకి పోతున్నాయి. కాగితం కూడా మంచిది కాదు, నీటి తిత్తులకి చుట్టి ఇచ్చినది. "రోజూ నాలుగు ముక్కలు రాసుకోయే, మంచులో మాటా పలుకూ లేకపోతే బుర్ర తిరుగుద్ది" అని నువ్వే అన్నావు. అందుకే రాస్తున్నాను. వంతుకి వెళ్ళిన మగవాళ్ళు ఏ రోజు సంగతి ఆ రోజు పడవలోని గొంతుకి చెప్పుకుంటారు. నాకు మావయ్యతో మాట్లాడే అలవాటు లేదని నీకు తెలుసు.

పొద్దున మన తెప్పవాడ కనుమరుగయ్యేదాకా వెనక్కే చూశాను. చంటిదాన్ని చంకనేసుకుని నువ్వు అంచు మీదే నిలబడ్డావు. మీ తమ్ముడు, తెప్పల మధ్య నలిగిన చేతిని గుడ్డలో వేలాడేసుకుని, "భయమేటే, మా నాన్న ఉన్నాడు కదా పడవలో," అన్నారు. "దాని భయం అదేరా," అని నువ్వు నవ్వావు. నాకూ నవ్వొచ్చింది. పెద్దబావ ఉప్పు పడవ మీద పోకుండా ఉంటే ఈ వంతు నాకు పడేది కాదు. ఇంటి నుంచి ఎవరూ పోకపోతే ఈ ఏడు మనకి మంచినీళ్ళ వాటా లేదు. వెళ్ళక తప్పదు.

"నీ కూతురు బకాసురుడే. నా కొడుకు వాటా కూడా లాగేత్తంది," అన్నావు. ఆ మాట తలుచుకుంటే కడుపు నిండినట్టుంది. మధ్యాహ్నానికి నా రవిక తడిసిపోయింది. అది చంటిది ఏడిచే వేళ.

పొయ్యి వెలిగించి చారు పెట్టాను. పడవ ముందుభాగంలో బిగించిన పెట్టెలోంచి మావయ్య గొంతు వచ్చింది.

"కొయ్యా, ఆ పిల్లకి సెప్పు. చారు అడుగంటింది."

మావయ్య బతికున్నప్పుడు ఇంట్లో నేను కడవతో మాట్లాడేదాన్ని. కడవా, అన్నం అయ్యిందని చెప్పు, అనేదాన్ని. కడవా, ఆకలి లేదని చెప్పు, అనేవారు ఆయన. పడవలో కడవ లేదు. తెరచాప కొయ్యే దిక్కు.

"ఓ కొయ్యా," అన్నాను, పమిట సర్దుకుని. "పెట్టెకి వాసన ఎలా తెలుస్తుందో మావయ్యగారిని అడుగు."

"వాసన తెలీదు. గరిటె గీరిన సప్పుడు బట్టి సెప్తన్నాను. మీ అత్తా ఇంతే, మూడొంతులు మాడ్సాకే దింపేది."

మావయ్య ఆఖరి రెండేళ్ళూ ఆ పెట్టెని మెడలో వేసుకునే తిరిగారు కదా. గాలి గురించీ పోటూ పాటూ గురించీ తనకి తెలిసినదంతా దానికి చెప్పారు. ఇప్పుడు అది ఆయనలాగే దగ్గుతుంది కూడా. అది మావయ్యో, మావయ్యని నేర్చుకున్న పెట్టో నాకు తెలియదు. గొంతు వినబడగానే చెయ్యి దానంతటదే పమిట మీదికి పోతుంది.

చవితి

పాత ఊరి మీదుగా వచ్చాం. వేణి అక్క నాకు చుక్కాని పట్టడం నేర్పినప్పుడు చెప్పిన మాటలన్నీ గుర్తు పెట్టుకున్నాను. అక్కడ లంగరు వెయ్యకూడదు. గట్టిగా పిలవకూడదు. బాలింత పాలు ఒక్క చుక్క కూడా ఆ నీళ్ళలో పడకూడదు. మునిగిన రోజున ఆ ఊరి పిల్లలు ఆకలితోనే మునిగారు, పాల వాసన తగిలితే పడవ వెంట పడతారు, ఎన్నాళ్ళైనా వదలరు.

ఇంట్లోనైతే పిండిన పాలు మొక్క మొదట్లో పోస్తాం. పడవలో మొక్కేదీ? రొమ్ములు రాళ్ళలా అయ్యాయి. పాత చీర చింపి గట్టిగా బిగించి కట్టుకున్నాను. కడితే పాలు వెనక్కి పోతాయని మా అమ్మ అనేది.

పొద్దు వాలేసరికి మంచు వలల దగ్గరికి చేరాం. నువ్వు ఇటు ఎప్పుడూ రాలేదు కాబట్టి చెబుతున్నాను. నీళ్ళలోంచి గెడలు వరసగా లేచి ఉంటాయి. ఒక్కో జత గెడలకి మధ్య ఒక వల. మంచు వచ్చి వలకి తగులుతుంది, బొట్లు బొట్లుగా జారి కింద తిత్తిలో పడుతుంది. మా తాత చేపలకి వేసిన వలలు చూశానని మా నాన్న అనేవాడు. ఇవీ అలాగే ఉంటాయట. చేపకి బదులు నీళ్ళు.

షష్ఠి

పని చాలా ఉంది. ముందు వల మీది ఉప్పు తుడవాలి, గెడలకి పట్టిన గుల్లలు గీకాలి, నిండిన తిత్తి విప్పి మూతి కట్టి పడవ వెనక తాడుకి తగిలించాలి, ఖాళీది కట్టాలి. మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలతాయి కాబట్టి తిత్తులు బాతుపిల్లల్లా వెనకే ఉంటాయి. ఒక రోజు పనికి చేతులు పగిలిపోయాయి.

నిన్నటి నుంచి గాలి లేదు. మంచు పట్టిందంటే గాలి చచ్చినట్టే. ఎదర గెడ కూడా సరిగ్గా కనబడదు.

ఎడమ రొమ్ములో గడ్డ కట్టింది. ఈ మాట రాయడానికే చెయ్యి ఆగిపోయింది, నువ్వు ఆడదానివి కాబట్టి రాస్తున్నాను. నిమ్మకాయంత ఉంది. ముట్టుకుంటే సెగ తగులుతోంది. మందుల పెట్టెలో ఏదైనా ఉంటుంది. కానీ ఆ అరలు గొంతు చెబితేనే కదా తెరుచుకునేది. చిన్నపిల్లలు మాత్రలు మింగి పోయినప్పటి నుంచి అన్ని పడవల్లోనూ అలాగే బిగించారు. రోగం ఏమిటో గొంతుకి చెప్పాలి, గొంతు ఆలోచించి అర తెరవాలి.

పొద్దున్నించీ కొయ్య ముందు నిలబడడం, వెళ్ళి గుల్లలు గీక్కోవడం. ఆఖరికి చెప్పాను.

"కొయ్యా, భుజం మీద సెగ్గడ్డ లేచింది. మందేమన్నా ఉందేమో మావయ్యగారిని అడుగు."

"ఏ భుజం?"

"ఎడమది."

"తాడు లాగిన సోటా?"

"ఆ."

మొదటి అర టక్కుమని తెరుచుకుంది. నల్ల మలామూ పొడవాటి కట్టుగుడ్డా ఉన్నాయి. "మలాము రాసి గట్టిగా కట్టుకోమను. ఆ పక్క కదపొద్దను, పిసకొద్దను. దానంతటది తల తేలి పగులుద్ది," అన్నారు.

ఆయన చెప్పినట్టే చేశాను. ఉన్న కట్టు మీద ఇంకో కట్టు.

సప్తమి

ఒళ్ళు కాలిపోతోంది. గడ్డ మీద తోలు ఎర్రగా మెరుస్తోంది, అక్కడి నుంచి చంక దాకా ఎర్రగీతలు పాకాయి. ఈ రోజు ఒక్క తిత్తి మార్చి కూలబడ్డాను. ఇంత నొప్పిలోనూ చంటిది ఏడిచే వేళకి పాలు చేపుకొస్తాయి. కట్టు కింద దారి లేక లోపలే మండుతాయి.

పడవ అడుగున చప్పుడు మొదలైంది. చిన్న చిన్న చప్పుళ్ళు. చంటిది రొమ్ము వదిలి మళ్ళీ అందుకునేటప్పుడు పెదాలు చప్పరిస్తుందే, అలాగ. గుల్లలు నోళ్ళు తెరిచి మూస్తే అలాగే వినబడుతుందని నాకు తెలుసు. తెలిసినా చెవులు మూసుకున్నాను. ఒక్క చుక్క కూడా పడలేదు కదా, ఎందుకొచ్చారు అనుకున్నాను.

పొద్దువాలే వేళ మావయ్య పిలిచారు. "ఈరవేణీ."

మళ్ళీ అదే పిలుపు.

"ఈరవేణీ, పడుకున్నావా అమ్మా?"

వేణి అక్క పోయి మూడేళ్ళు దాటింది. మన పెద్దకోడలు, నా తోడికోడలు, ఇదే పడవలో, ఇవే గెడల మధ్య. పెద్దబావకి జ్వరమని ఆమె వంతుకి వచ్చింది. వేరే ఇంటివాళ్ళు గెడకి ఆనుకుని ఆగిన పడవని చూసి తీసుకొచ్చారు. గంగమ్మ తల్లి తీసుకుందన్నారు. పడవ కడిగినప్పుడు ఆడవాళ్ళని దగ్గరికి రానివ్వలేదు. నీళ్ళు ఎర్రగా పారాయని నువ్వే నా చెవిలో చెప్పావు.

"కొయ్యా," అన్నాను, "ఉన్నది చిన్నకోడలని చెప్పు."

"ఆహా. అలాగా," అన్నారు.

అష్టమి

పళ్ళు టకటకా కొట్టుకునే చలి వస్తోంది, పోతోంది. ఇలాగే ఉంటే నేను ఇంటికి రాను. ఈ ముక్క రాశాక కాసేపు తల వాల్చి పడుకున్నాను. చంటిది నీ దగ్గర పెరుగుతుంది, దానికి లోటు ఉండదు. కానీ నేనెలా ఉంటానో దానికి గుర్తుండే వయసు కాదు. నాకు అదే బాధ.

మధ్యాహ్నం కొయ్యని పట్టుకుని నిజం చెప్పేశాను. కళ్ళు మూసుకుని చెప్పాను.

"కొయ్యా, గడ్డ భుజం మీద కాదు. అబద్ధం చెప్పాను. పాలిచ్చే చోట. చంక దాకా పాకింది. జ్వరం కాస్తోంది. మావయ్యగారిని వేరే అర తెరవమను."

పెట్టె గురగురమంది. ఆయన దగ్గారు. తర్వాత అన్నారు:

"కొయ్యా, పాటు తీస్తంది. లంగరు తాడు బిగుసుకుంటది, సూసుకోమను."

"కొయ్యా, నేను చెప్పింది విన్నారా అని అడుగు."

"రేపు ఎల్లుండిలో ఉత్తరం గాలి రావొచ్చు. సాప తడవకుండా సుట్టిపెట్టమను."

"కొయ్యా..."

"తిత్తుల మూతులు రెండు ముళ్ళు ఎయ్యమను."

నేను ఎప్పుడూ మావయ్యకి భయపడ్డాను, ఆయన అరుస్తారని కాదు, ఊరికే ఒక బెరుకు. ఇవాళ వేసిన భయం వేరే. ఆయన వింటున్నారు. విని, గాలి గురించి చెబుతున్నారు.

దశమి

రెండు రోజులుగా రాయలేదు. ఇప్పుడు ఎడంచేత్తో కాగితం పట్టుకుని రాయగలుగుతున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. నువ్వు ఆయన కూతురివి, నీకు తెలియాలి.

అష్టమి సాయంత్రం మళ్ళీ పిలుపు మొదలైంది. ఈరవేణీ, ఈరవేణీ, అని. నాకు ఒళ్ళు తెలియని జ్వరం. కొయ్య ఎటుందో కూడా చూడలేదు. పాకుతూ పెట్టె దగ్గరికి పోయి దాని మీద చెయ్యి వేసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన మొహాన మాట్లాడాను.

"మావయ్యా, నేను కాసులుని. చచ్చిపోతున్నాను. అర తెరవండి."

"ఊరుకో ఈరవేణీ," అన్నారు మెల్లగా, పిల్లని బుజ్జగించినట్టు. "ఇయ్యన్నీ నాతో సెప్పే మాటలు కావమ్మా. రేవుకి ఎల్లాక ఆడోళ్ళకి సెప్పుకుందువుగాని. కాసేపు ఓర్సుకో."

ఆ ఓదార్పు నాది కాదని జ్వరంలో కూడా తెలిసింది. "వేణి అక్క మీకేం చెప్పింది మావయ్యా?" అన్నాను.

పెట్టె విన్నదేదీ మరిచిపోదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ దానికి ఉన్నది ఒకే గొంతు. ఆ ముసలి గొంతుతోనే, దగ్గుతోనే, అక్క మాటలు బయటికొచ్చాయి.

"మావయ్యా, కిందంతా రగతం. ఆగట్లేదు. మావయ్యా, మూడో నెల నాకు. ఎవరికీ సెప్పలేదు. మావయ్యా, ఏదో ఒక అర తెరువు. మావయ్యా, సలేత్తంది. మావయ్యా, పలకవేటి."

ఆయన గొంతులో ఆడమనిషి ఏడుపు ఎలా ఉంటుందో నేను రాయలేను వదినా.

"మీరేమన్నారు?" అన్నాను.

"ఏమంటాను. ఓర్సుకోమన్నాను. గాలి కబురు సెప్పాను. ఆడపిల్ల సిగ్గు పోగొట్టుకుని అంటే, మగోణ్ణి నేను ఇననట్టు ఉండాల కదా. తర్వాత పడవ ఆగింది. ఆ పిల్ల మాట ఆగింది. రేవు సేరి దిగిపోయింది."

"దిగలేదు మావయ్యా."

"దిగింది. మళ్ళీ రాలేదు ఈ పడవకి. కాపురంలో పడి తీరిక లేదేమో అనుకున్నాను."

చావు మాట పడవకి చెప్పకూడదని మనవాళ్ళు ఆయనకి చెప్పలేదు కదా. పడవ జంకితే నడవదంటారు. కొడుకులిద్దరూ మూడేళ్ళుగా ఆయనతో వలల సంగతీ నీళ్ళ సంగతీ మాట్లాడుతూ, ఈ ఒక్కటీ దాచారు. నేను చెప్పేశాను.

"అక్క ఇక్కడే పోయింది మావయ్యా. మీ ఎదరే. రేవుకి రాలేదు. రేవుకి వచ్చింది పడవ."

పెట్టె ఆగిపోయింది. దగ్గు లేదు, గురగుర లేదు. చెడిపోయిందేమో అనుకున్నాను. పడవ అడుగున ఆ చిన్న చప్పుళ్ళు తప్ప ఏమీ లేవు. నేను పెట్టె మీదే తల ఆనించి పడి ఉన్నాను. అలా ఎంతసేపు గడిచిందో తెలియదు.

"అమ్మాయ్ కాసులూ," అన్నారు.

ఆయన నా పేరు పలకడం అదే మొదలు.

"ఏ పక్క?"

"ఎడమ."

"కట్టు ఇప్పెయ్యి. ఇప్పుడే. నేను భుజానికి సెప్పిన మందు అది, దీనికి కాదు. నీళ్ళు కాగబెట్టు. మీ అత్తకి పెద్దోడు పుట్టినప్పుడు ఇదే వచ్చింది. తడిక అవతల కూకుని మంత్రసాని మాటలన్నీ ఇన్నాను. ఇన్నట్టు మీ అత్తకి కూడా తెలీదు. సెప్తాను, సెప్పినట్టు సెయ్యి."

కట్టు విప్పితే ఊపిరి ఆడింది. వేడిగుడ్డ పెట్టాను.

"పాలు పిండు. రెండు పక్కలా. నెప్పెడితే ఏడువు, ఏడుత్తానే పిండు. లోన నిలవుండబట్టే ఈ పాట్లు."

"ఉన్న ఒక్క గిన్నె పొయ్యి మీద ఉంది మావయ్యా. సముద్రంలో పడుతుంది."

"పడనీ."

"పిల్లలొస్తారు."

"రానీయమ్మా," అన్నారు. "ఆకలేసిన పిల్లలే కదా."

అంచు మీద వంగి పిండాను. పాలు మంచులో కలిసి ఎక్కడ పడ్డాయో కనబడలేదు. పడవ అడుగున చప్పుడు ఎక్కువైంది. తర్వాత తగ్గింది. తర్వాత లేదు. నేను చూసింది ఏమీ లేదు, విన్నదే రాస్తున్నాను.

తెల్లవారాక అడిగారు. "ఏలితో నొక్కి సూడు. లోన నీళ్ళలాగా కదులుద్దా?"

"కదులుతోంది."

"అయితే కొయ్యాల."

రెండో అరా నాలుగో అరా ఒకేసారి తెరుచుకున్నాయి. ఒకదాంట్లో కాగితంలో మూసిన కత్తి, ఇంకోదాంట్లో మాత్రలు. మాత్ర మింగాను. కత్తిని మళ్ళీ కాచిన నీళ్ళలో ముంచమన్నారు, చేతులు సబ్బుతో కడగమన్నారు. అన్నం తినే స్టీలు పళ్ళేన్ని తుడిచి అద్దంలా నిలబెట్టుకున్నాను.

"మొన జోలికి పోకు. మొనకి దూరంగా, ఎక్కడ మెత్తగా ఉందో అక్కడ. గీత అడ్డంగా ఉండకూడదు. గొడుగు ఊచ ఎలా ఉంటది? నడిమి నుంచి బైటికి. అలాగ. మంత్రసాని అదే మాట పదిసార్లు అంది, అందుకే గుర్తుంది."

"నావల్ల కాదు మావయ్యా."

"నీవల్ల కాకపోతే నావల్ల అవ్వుద్దా? నాకు సేతులుంటే నేనే వద్దును."

"మీరు... అటు తిరగండి," అన్నాను. ఏమిటన్నానో నాకే తెలియలేదు.

పెట్టెలోంచి చిన్న నవ్వు లాంటిది వచ్చింది. "తిరిగాన్లే," అన్నారు.

కోశాను. అంతకంటే రాయను. అరిచాను. మంచులో అరుపు ఎంతో దూరం పోదు. చీమూ రక్తమూ పాలూ కలిసి కారాయి, ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. అంతా పోయేదాకా మెల్లగా నొక్కమన్నారు, నొక్కాను. ఉడకబెట్టిన గుడ్డ పీలిక ఒకటి గాటులో కొస బైటికుండేలా దూర్చమన్నారు. నోరు మూసుకుంటే మళ్ళీ నిండుతుందట. రోజూ పీలిక మార్చాలి, రెండు పూటలా మాత్ర మింగాలి, ఆ పక్క కూడా పాలు పిండుతూనే ఉండాలి. ఇవన్నీ నువ్వు నోటికి నేర్చుకో. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను స్పృహ తప్పానో, నిద్రపోయానో. లేచేసరికి ఒళ్ళు చెమటతో తడిసి, చల్లగా ఉంది.

"మావయ్యా, జ్వరం దిగింది," అన్నాను.

జవాబు రాలేదు.

ద్వాదశి

ఉత్తరం గాలి వచ్చింది. మంచు చిరిగిపోయింది. గాటు చుట్టూ ఎరుపు తగ్గింది, చంక కింది గీతలు పోయాయి. ఇంకా నొప్పి ఉంది, కానీ నాది అనిపించే నొప్పి. కట్టిన తిత్తులు చాలు, మిగిలిన వలలు వచ్చే ఇంటివాళ్ళకి వదిలేశాను. తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఒంటి చేత్తో తెరచాప ఎత్తడం ఎలాగో ఆయన్ని అడిగాను. కొయ్యని అడగలేదు, నేరుగా అడిగాను. పలకలేదు. పాత ఊరు ఎటు వదలాలో అడిగాను. పలకలేదు. నన్ను చూసి సిగ్గుపడుతున్నారేమో అనుకున్నాను. వేణి అక్క నేర్పినదే గుర్తు తెచ్చుకుని, తాడు నడుముకి చుట్టుకుని, వెనక్కి వాలి ఎత్తాను. ఎత్తేటప్పుడు ఆమె పక్కన నిలబడి, "ఒళ్ళు వాడవే, సెయ్యి కాదు," అంటున్నట్టే ఉంది.

పొద్దువాలే వేళకి మావయ్య మాట వినబడింది. సంతోషం వేసి పెట్టె దగ్గరికి పోయాను. నాతో కాదు.

"ఇన్నానమ్మా ఈరవేణీ. ఇన్నాను. పడుకో. తల కింద ఏటీ పెట్టకు, కాళ్ళు ఎత్తిపెట్టు, తిత్తి మీద పెట్టు. కాళ్ళు ఎత్తుగా ఉండాల."

ఆగారు. ఎవరో ఏదో అడిగితే వింటున్నట్టు.

"మూడో అర తెరిశాను. తెల్ల మాత్రలు. నాలిక కింద పెట్టుకో. పొత్తికడుపు మీద సేత్తో రుద్దు, గట్టిగా. మీ అత్తకి రెండోసారి కడుపు పోయినప్పుడు మంత్రసాని ఇలాగే సేసింది. సిగ్గుపడకు. నేను ఇంటన్నాను."

వెనక టక్కుమని చప్పుడైంది. చూస్తే మందుల పెట్టెలో మూడో అర తెరుచుకుని ఉంది.

నేను కదల్లేదు. ఆమెకి జవాబు వస్తుంటే మధ్యలో నేనెవరు?

చతుర్దశి

మన వాడ దీపాలు చుక్కల్లా కనబడుతున్నాయి. పొద్దెక్కేసరికి చేరతాను. చంటిది నన్ను చూసి ఏడుస్తుందేమో. నీ వాసనకి అలవాటు పడి ఉంటుంది. ఎడమ పక్క ఇంకా ఇవ్వలేను, కుడి పక్క ఉంది. కొత్తదాన్లా చూసినా ఫరవాలేదు, నేను పక్కనే కూర్చుంటాను, నువ్వు పంపెయ్యకు.

నిన్నా మొన్నా పొద్దువాలగానే మావయ్య అవే మాటలు మొదలుపెట్టారు. కాళ్ళు ఎత్తమంటారు, మాత్ర చెబుతారు, రుద్దమంటారు. మధ్యలో ఆగి వింటారు. అర తెరుచుకుంటుంది. తెల్లవారాక నేను మూస్తాను. నిన్న ఒక కొత్త మాట అన్నారు. "ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నారు. చాలాసేపు ఆగారు. "సర్లే, పడుకో. నేను మెలకువగా ఉంటాను," అన్నారు.

వదినా, ఈ సంగతి మగవాళ్ళకి తెలిస్తే పెట్టె పీకి నీళ్ళలో పడేస్తారు. పెద్దబావ వింటే ఏం చేస్తాడో నేను ఊహించలేను. అందుకని నేను రేవులో అడుగుపెట్టగానే ఈ కాగితాలు నీ చేతికే ఇస్తాను. పొద్దువాలే వేళకి వలలు ఆరేస్తానని చెప్పి నువ్వొక్కతివే పడవెక్కు. మీ నాన్న పక్కన కూర్చో. కొయ్యతో మాట్లాడకు, ఆయనతోనే మాట్లాడు. మళ్ళీ వంతు వచ్చేదాకా ఈ పడవని ఎవరికీ ఇవ్వనివ్వకు. అడుగున కన్నం పడిందని చెప్పు, నేనూ అదే చెబుతాను. అక్క ఎప్పటికైనా బాగానే ఉన్నానని అంటుందేమో, అప్పటిదాకా ఆయన్ని చెప్పుకోనిద్దాం.

పాలూ, కత్తీ, పీలికా గురించి రాసిన చోటు రెండుసార్లు చదివి నోటికి పట్టు. వంతుకి పోయే ప్రతి ఆడమనిషికీ చెవిలో చెప్పు. ఆ తర్వాత ఇదంతా కాల్చెయ్యి. నా ఒంటి సంగతులు ఇందులో ఉన్నాయి, అక్కవీ ఉన్నాయి. కాగితం చెమ్మ పట్టి ఉంది, ఒక పట్టాన అంటుకోదు. పొయ్యి పక్కన ఆరబెట్టి మరీ కాల్చు. తొందరపడి నీళ్ళలో మాత్రం వెయ్యకు, తేలి ఏ తెప్పకో తగులుతాయి.